ఇరవై ఆరో అడుగు

కొల్లేరు లంక మకాం,
కైకలూరు పోస్టు,
16 ఫిబ్రవరి 1936

మామయ్య గారి పాదాలకు కామేశం నమస్కారాలు.

క్షేమంగా చేరాను. రైలు దిగి బండెక్కి, బండి దిగి తాటిదోనె ఎక్కి, ఆ దోనె కూడా బురదలో కూరుకుపోతే చివరి ఫర్లాంగు నడిచి లంకలోకి వచ్చాను. అత్తయ్య కట్టిచ్చిన కందిపొడి తడవలేదు, నా పుస్తకాలే తడిశాయి. ఈ మాట అత్తయ్యకు చెప్పండి, సంతోషిస్తుంది.

స్టేషన్లో మీరు "కొల్లేట్లో నీకు ఉద్యోగమేమిట్రా?" అని అడిగితే రైలు కూతలో సరిగ్గా చెప్పలేకపోయాను. నా ఉద్యోగం బురద తీయడమండీ. నవ్వకండి. బుడమేరూ తమ్మిలేరూ ఏటేటా ఒండ్రు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. నిరుటిది కింద, ఈ ఏటిది పైన. నేలలోకి గొట్టం దింపి అడుగు అడుగుకీ మట్టి పైకి తీస్తాం. అందులో తీపినీటి నత్తలున్నాయా, సముద్రపు గుల్లలున్నాయా, తుంగవేళ్ళున్నాయా చూసి, ఇక్కడ ఎప్పుడు చెరువుండేదో ఎప్పుడు సముద్రముండేదో చెబుతాం. రాళ్ళలో ఒక లోహం ఎంత మేరకు సీసంగా మారిందో చూసి భూమి వయసు రెండు వందల కోట్ల ఏళ్ళు అంటున్నవాళ్ళు చేసేదీ ఇదే పని. నక్షత్రపు వెలుగు చూసి అది ఎప్పుడు బయలుదేరిందో చెప్పేవాళ్ళదీ ఇదే. జరిగిపోయినదాని సంగతి మిగిలినదాన్ని అడగడం. మా ప్రొఫెసరు పాండురంగారావు గారు అంటారు, "భూమి చరిత్ర ఎవరూ రాయలేదు కనక ఎవరూ దిద్దలేదు" అని. ఆ ఒక్క మాటకే నేను ఈ చదువులో పడ్డాను.

బోరు దింపేవాడు మదార్, తాడేపల్లిగూడెం మనిషి. కాంట్రాక్టరు వెంకట్రాజు గారు పంపించారు. యాభై అయిదేళ్ళుంటాయి. నూతులు తవ్వడం వాళ్ళ తాతల నాటి పని. కడ్డీ దిగినకొద్దీ అడుగులు పైకి చెబుతాడు, నేను రాసుకుంటాను. బోరు ఎక్కడ వేయాలో కూడా వాడే చూపించాడు. లంకకు తూర్పున కాస్త మెరక ఉంటే మడమతో రెండుసార్లు తొక్కి "ఇక్కడండీ బాబూ" అన్నాడు. ఇంకా ఏదో చెప్పుకొచ్చాడు గానీ ఈ పనివాళ్ళకు మాటలెక్కువ.

మీ మేనల్లుడు,
కామేశం


ఏలూరు,
24 ఫిబ్రవరి 1936

చి. కామేశానికి మామయ్య ఆశీస్సులు.

నీ కవరు అంటింపు దగ్గర తడి మరక ఉంటే ఎవరైనా ఆవిరి పట్టి విప్పారేమోనని ముందు అది చూశాను. కాదులే, కొల్లేటి నీళ్ళే. "మీకు రహస్యాలు రాసేవాళ్ళెవరండీ" అని మీ అత్తయ్య వెటకారం. ముప్ఫై నాలుగేళ్ళు కోర్టు రికార్డు గదిలో కూర్చున్నాను, ఈ అలవాటు చచ్చినా పోదు.

ఎవరూ రాయలేదు కనక ఎవరూ దిద్దలేదన్నారా మీ ప్రొఫెసరు గారు? ఎంత అమాయకులురా! ఆయన్ను ఒక్కరోజు మా రికార్డు గదికి తీసుకురా. బంట్రోతు యేసుదాసు కింది కట్ట లాగి పైన పడేసేవాడు. 1890 కట్ట మీద 1911, దాని మీద 1872. పైది కొత్తది, కిందిది పాతది అనుకుని పని చేస్తే కొంపలు మునిగేవి. అందుకని నేను వరస చూసేవాణ్ణి కాదు, దుమ్ము చూసేవాణ్ణి. కట్ట మీద దుమ్ము చెదరకుండా ఉంటేనే దాన్ని ఎవరూ కదపలేదని నమ్మేవాణ్ణి. మరి మీ బురదను ఎవరూ కదపలేదని ఎలా తెలుస్తుంది? ఎలకలున్నాయి, పందులున్నాయి, పీతలున్నాయి. అందరికంటే పెద్ద పీత మనిషి ఉన్నాడు.

ఇంకోటి. పంచాంగం తీసి చూశాను. సృష్టి మొదలై నూట తొంభై అయిదు కోట్ల చిల్లర ఏళ్ళయిందట. మీవాళ్ళు రెండు వందల కోట్లంటున్నారు. పక్కింటి అవధాని గారు ఇది విని ఎగిరి గంతేసి "చూశారా, మనవాళ్ళు ముందే చెప్పారు" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఒకరి మొహం ఒకరు ఎరగని సాక్షులిద్దరూ ఒకే మాట చెబితే చంకలు గుద్దుకోకూడదు. ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి, నీకెలా తెలుసు అని అడగాలి. అవధాని గారి సాక్షి జవాబు చెప్పడు. నీ సాక్షయినా చెబుతాడేమో కనుక్కుని రాయి.

నీళ్ళు కాచుకుని తాగు. చలిజ్వరాల కాలం. నిన్ను అయిదో ఏట మా చెల్లెలు నా చేతుల్లో పెట్టి పోయింది, నువ్వు తుమ్మితే నాకిక్కడ నిద్ర పట్టదు.

శివరామయ్య


కొల్లేరు లంక మకాం,
14 మార్చి 1936

మామయ్య గారికి నమస్కారాలు.

మామయ్యా, సముద్రం దొరికింది! సముద్రమొక్కటే కాదు, దాని కింద మనిషి దొరికాడు!

నిదానంగా చెబుతాను. ఇరవై అయిదు అడుగుల దాకా ఒకటే నల్లమట్టి. విసుగొచ్చేసింది. ఇరవై ఆరో అడుగులో గొట్టం పైకి తీస్తే తెల్లగా గుల్లలు. తీపినీటివి కావు, ముమ్మాటికీ సముద్రపువి. కడిగి ఆరబెట్టినట్టు, అన్నీ బొటనవేలి గోరంత. ఇంకో కడ్డీ దింపించాను. ఆ గుల్లల కింద ఎర్రటి కుండపెంకు, అరచేతిలో సగం ఉంటుంది. చక్రం మీద చేసిన గీతలు స్పష్టంగా ఉన్నాయి.

దీని అర్థమేమిటో ఆలోచించండి. సముద్రం ఇక్కడికి రాకముందే ఇక్కడ మనిషి ఉన్నాడు. కుండలు చేసుకున్నాడు, వండుకు తిన్నాడు. అప్పుడు సముద్రం వచ్చింది. వాడు పోయాడు. ఆ తర్వాత సముద్రమూ పోయి కొల్లేరు మిగిలింది. మనిషి ముందు, సముద్రం తర్వాత! ఈ తీరంలో ఇలా అని ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు.

ఆ సాయంత్రమే ప్రొఫెసరు గారికి రాశాను. ఆయన తంతి ఇచ్చారు. జూలైలో మద్రాసు సభలో వ్యాసం చదువుతారట, తన పేరు పక్కన నా పేరు వేస్తారట. సర్వే శాఖలో ఖాయం ఉద్యోగానికి సిఫారసు కూడా చేస్తారట. చోటు ఎంపికలోనే నా తెలివి కనబడిందని మెచ్చుకున్నారు. నేల వాలూ ఉప్పుటేరు పాత దారీ గాలివాటూ అన్నీ లెక్క చూసుకుని ఆ తూర్పు మెరకను నేనే ఎంచుకున్నాను, ఆ కష్టం వృథా పోలేదు.

అత్తయ్యకు చెప్పండి. వీధిలో చెప్పినా ఫర్వాలేదు.

కామేశం


ఏలూరు,
19 మార్చి 1936

చి. కామేశానికి ఆశీస్సులు.

వీధిలో చెప్పడమేమిటి, మీ అత్తయ్య పులిహోర చేసి పంచింది. "మా కామేశం సముద్రాన్ని పట్టుకున్నాడు" అని ఒకటే ప్రచారం. మంగతాయారు గారూ, మీ మేనల్లుడు చేపలు పడుతున్నాడా అని ఒకావిడ మీ అత్తయ్యను అడిగిందట. నాకూ సంతోషంగానే ఉంది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండుసార్లు సంతోషంతోనూ రెండుసార్లు అలవాటుతోనూ.

ఒక్క ప్రశ్న. అన్ని గుల్లలూ బొటనవేలి గోరంత ఏమిటిరా? నీ వయసులో నేను బందరు ఒడ్డున గుల్లలు ఏరాను. ఒక గుప్పెడు తీస్తే అందులో ఆవగింజంతది ఉంటుంది, అరచెయ్యంతది ఉంటుంది, విరిగి ముక్కలైనవి సగముంటాయి. నీ సముద్రంలో పిల్లలు పుట్టలేదా? ముసలివి చావలేదా? అలలు ఒక్కదాన్నీ విరగ్గొట్టలేదా? పదిమంది సాక్షులు తడబాటు లేకుండా ఒకే కొలతలో మాట్లాడారంటే, వకీలు గారి వసారాలో కూర్చోబెట్టి నేర్పించారన్నమాటే. నేనింకా ఏమీ అనడంలేదు, అడుగుతున్నాను.

ఆ మదార్ ఏమంటున్నాడు? వాళ్ళకు నేల చెమ్మా వాసనా మనకంటే బాగా తెలుస్తాయి. అతన్ని అడిగి రాయి.

శివరామయ్య


కొల్లేరు లంక మకాం,
4 ఏప్రిల్ 1936

మామయ్య గారికి,

పని ఒత్తిడి వల్ల వెంటనే జవాబు రాయలేకపోయాను.

అలలు గుల్లలను సైజుల వారీగా వేరుచేసి ఒడ్డున పేర్చడం శాస్త్రంలో తెలిసిన సంగతే. బరువైనవి ఒకచోట, తేలికైనవి ఒకచోట పడతాయి. కనక మీ అనుమానానికి ఆధారం లేదు. ఇది దావా కాదు మామయ్యా, ప్రకృతి. ప్రకృతికి వకీళ్ళు ఉండరు.

మదార్‌ని పంపించేశాను. కడ్డీల లెక్క సరిగ్గా చెప్పడంలేదు. ఒకసారి ఇరవై అంటాడు, ఒకసారి ఇరవై ఒకటి అంటాడు. వాడి మాట మీద ఆధారపడే పనులు చేయించవద్దని వెంకట్రాజు గారికి రాశాను. అది నా బాధ్యత కనక రాశాను. పైగా లంకలో జనంతో పనికిరాని కబుర్లు చెబుతున్నాడు. కొత్త మనిషి గంగరాజు వచ్చాడు, చెప్పిన పని చేసుకుపోతాడు.

వ్యాసం అచ్చుకు వెళ్ళింది. ఈ విషయం గురించి అవధాని గారితో గానీ ఇంకెవరితో గానీ తర్కించకండి. మాటలు మద్రాసు దాకా పోతాయి.

కామేశం


ఏలూరు,
9 ఏప్రిల్ 1936

కామేశానికి,

నీ మూడు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మీ అత్తయ్య భోజనానికి రెండుసార్లు పిలిచింది. వెళ్ళబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి పదహారున, బోరు వేసే చోటు మదారే చూపించాడని రాశావు. మడమతో రెండుసార్లు తొక్కాడన్నావు. అంత చిన్న సంగతి కల్పించి రాసేవాడు ఎవడూ ఉండడు, అది నిజం. మార్చి పద్నాలుగున ఆ మెరకను నేనే ఎంచుకున్నాను, వాలూ గాలీ లెక్క చూశాను అన్నావు. నువ్వు చిన్నప్పుడు కూడా అంతే. నిజమైతే ఒక ముక్కలో చెప్పేవాడివి. అబద్ధమైతే అందులో గాలివాటు కూడా ఉండేది.

అదలా ఉంచు. మదార్‌కు లెక్క రాదంటావు. మంచిది. అయితే నీ ఇరవై ఆరో అడుగు ఎవరు లెక్క పెట్టింది? ఆ మదారే కదా! లెక్క రానివాడి ఇరవై ఆరడుగులు మద్రాసు సభకు పనికొచ్చాయి, వాడు మాత్రం పనికిరాలేదా? ఇదెక్కడి న్యాయంరా? కోర్టులో ఒక సాక్షి నోరు విప్పితే కొంప మునుగుతుందనుకున్నప్పుడు, వాడు తాగుబోతనో తిక్కలవాడనో ముందుగానే కాయితం మీద పెట్టిస్తారు. అలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. నీ ఉత్తరంలో ఆ వాసన కొట్టింది. నా అనుమానం ఇప్పుడు గుల్లల మీద లేదు, నీ మీదుంది. ఈ వాక్యం రాయడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు.

మదార్ ఏమన్నాడని అడిగాను. దానికి మాత్రం జవాబు రాయలేదు. సరే, వచ్చే శనివారం పాసింజరు బండికి తాడేపల్లిగూడెం వెళ్ళి నేనే అడుగుతాను.

శివరామయ్య


కార్డు
లంక మకాం, 13 ఏప్రిల్ 1936

మామయ్య గారికి, దయచేసి వెళ్ళకండి. మీకు ఈ విషయాలు తెలియవు. ఉద్యోగం ఖాయమయ్యే సమయంలో మీరే నా నోటికాడ ముద్ద తీసేస్తారా? పెంచినవారన్న హక్కుతో అడుగుతున్నారు గానీ, నేను చిన్నపిల్లవాణ్ణి కాను. వెళ్ళకండి. కామేశం.


ఏలూరు,
21 ఏప్రిల్ 1936

కామేశానికి,

నీ కార్డు అందేటప్పటికి నేను చెప్పులు తొడుక్కుంటున్నాను. దాన్ని జేబులో పెట్టుకుని బండెక్కాను.

మదార్ సాహెబు ఇల్లు స్టేషన్‌కు ఉత్తరాన, రైలుకట్ట వారనే ఉంది. నేను నీ మామయ్యనని చెప్పగానే లేచి నిలబడ్డాడు. అతని భార్య సైదాబీ గారు లోపల్నించి మంచం వేయించి, నాకు తాగడానికేమివ్వాలో తోచక పక్కింటి చెట్టు నించి కొబ్బరిబొండం దింపించారు. నిన్ను వాళ్ళు ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నేను అడిగాను. అతను చెప్పాడు. ఏమీ కలపకుండా, తీసెయ్యకుండా రాస్తున్నాను. ఆ పని నాకు వచ్చు.

"నేను నుయ్యి తవ్వేవాణ్ణండీ. బోరు దింపమంటే నీళ్ళకే అనుకుంటానండీ. ఇంకెందుకు దింపుతారండీ ఎవరైనా? ఆ లంకలో ఎక్కడ దింపినా ఉప్పే తగుల్తాదండీ. మా తాత అక్కడ తీపి నుయ్యి దింపేడని మా నాన్న చెప్పేవోడండీ. అది పూడిపోయి ఎన్నాళ్ళయిందో. బాబుగారికి మంచి నీళ్ళు చూపించాలని వెతికి వెతికి ఆ మెరక పట్టుకున్నానండీ. మడం పెడితే నేల మెత్తగా దిగింది. ఇక్కడండీ బాబూ, పాత నుయ్యి అని చెప్పేను. బాబుగారు గొట్టాలు చూసుకుంటన్నారు."

"మరి గుల్లలు?" అన్నాను.

"అది నూతి అడుగండీ. మేం అడుగున ముందు పెంకులు పరుస్తామండీ, కుమ్మరి చేసిన నూతి ఒరలు విరిగినవి. వాటి మీద గుల్ల పోస్తాం, బురద పైకి లెగకుండా. సున్నం బట్టీకి ఉప్పుటేరు మీద పడవల్లో గుల్ల వచ్చేదండీ, అందులోంచి జల్లెడ పట్టి ఒక్క సైజుది తీసుకుంటాం. చిన్నది బురదలో కలిసిపోతాది, పెద్దది బురదని ఆపదు. గుల్ల పైకి రాగానే నేను నవ్వేనండీ, నూతి అడుగు తగిలింది బాబూ, ఇంక తీపినీళ్ళే అని. బాబుగారు ఎర్రగా చూసి నోరు ముయ్యమన్నారు. ముయ్యమంటే మూశానండీ. కానీ లంకలో ఆడోళ్ళు నీళ్ళు పడ్డాయా అని అడిగితే చెప్పకుండా ఎలాగండీ?"

పెంకు కింద, గుల్ల పైన. నీ మనిషి ముందు, నీ సముద్రం తర్వాత. అదిరా సంగతి.

నీళ్ళ కోసం కాదు, మట్టి కోసం బోరు వేయిస్తున్నానని నువ్వు అతనికి ఒక్కసారైనా చెప్పావా? చెప్పలేదట. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నూతులు తవ్వేవాడికి ఇదంతా ఏం తెలుస్తుంది అనుకున్నావు.

పొరపాటు చేస్తే చేశావు. ఇరవై నాలుగేళ్ళవాడు చెయ్యకపోతే ఎవరు చేస్తారు? తర్వాత చేసింది పొరపాటు కాదు. వెంకట్రాజు గారు నీ కాయితం చూసి ఇతని చేతిలోంచి మూడు నూతులు తీసేశారు. "ఇరవై రెండడుగుల్లో నీళ్ళంటే ఇరవై రెండులో పడాలండీ. ఆ ఒక్క మాట మీదే మమ్మల్ని పిలుస్తారు. లెక్క రాదంట అని బజార్లో అంటన్నారు, నేను మసీదుకి కూడా అందరూ వెళ్ళిపోయాక వెళ్తన్నానండీ" అన్నాడు. అక్కడ ఎలాగో ఆపుకున్నాను గానీ, తిరుగు బండిలో ఏడ్చాను కామేశం. ఎదురుగా కూర్చున్న అతను కళ్ళలో బొగ్గునలుసు పడిందా అని అడిగితే అవునన్నాను.

నేను మీ ప్రొఫెసరు గారికి రాయను. నువ్వే రాయాలి. రాయకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. ఏమీ కాదు. నీ పేరు అచ్చవుతుంది, ఉద్యోగమొస్తుంది. ఎవడో నీ కాయితం నమ్మి దాని మీద ఇంకో కాయితం రాస్తాడు. ఒక్క దొంగ దస్తావేజు మీద నలభై ఏళ్ళు దావాలు నడిచి, చివరికి అసలు పొలమెక్కడుందో ఎవరికీ తెలియని కేసు ఒకటి నా చేతుల మీదుగా పోయింది. నువ్వు మద్రాసులో పెద్దవాడివవుతావు. మదార్ మాత్రం అందరూ వెళ్ళిపోయాకే మసీదుకు వెళుతుంటాడు. నువ్వు ఈ ఇంటికి వచ్చినప్పుడు నేను నీతో మాట్లాడతాను, అన్నం పెడతాను. కానీ నీ ఉత్తరాలు ఇంక పక్కపక్కన పెట్టి చదవను. నీ మాట నిజమో కాదో చూసే ఓపిక నాకు ఉండదు.

శివరామయ్య


ఉంగుటూరు,
3 జూన్ 1936

మామయ్య గారి పాదాలకు కామేశం నమస్కారాలు.

ఆరు వారాలు రాయలేదు. రాస్తే నిజం రాయాలి. అది ముందు మీకు కాదు, ప్రొఫెసరు గారికి రాయాలి. అందుకు పదిహేను రోజులు పట్టింది. రోజూ రాసేవాణ్ణి, రోజూ చింపేవాణ్ణి.

మీరు పట్టుకున్నదంతా నిజం. పట్టుకోనిది ఒకటుంది. మదార్ నవ్వి "నూతి అడుగు తగిలింది బాబూ" అన్న క్షణంలోనే నాకు అర్థమైంది. ఇరవై అయిదడుగులు ఒకే నల్లమట్టి, ఒక్క పొర లేదు, ఒక్క వేరు లేదు. ప్రకృతి అలా పోయదు, పూడ్చినవాడే పోస్తాడు. మొదటి సంవత్సరం చదివేవాడికి కూడా తెలుస్తుంది. కానీ అప్పటికే నా పేరు అచ్చులో కనబడుతోంది మామయ్యా. తెల్లవారేదాకా ఆగితే మనసు మారుతుందేమోనని భయం వేసి, ఆ సాయంత్రమే ప్రొఫెసరు గారికి ఉత్తరం రాసి దోనె వాడికిచ్చేశాను.

ప్రొఫెసరు గారి జవాబు మూడు వాక్యాలు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. మే నెలాఖరుతో నా పని ముగిసింది. శాఖకు రాసిన సిఫారసు కూడా వాపసు తీసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండునని నాకూ అనిపించింది.

తాడేపల్లిగూడెం వెళ్ళాను. మదార్ ఇంట్లోకి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబెట్టాడు. తప్పయింది, క్షమించమన్నాను. అతను "నీళ్ళకి కాకపోతే దేనికండీ ఆ బోరు?" అన్నాడు. అప్పుడు చెప్పాను. మీకు మొదటి ఉత్తరంలో రాసిందంతా, భూమి వయసుతో సహా, గుమ్మంలో నిలబడి చెప్పాను. మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు. మా కాలేజీలో కూడా ఎవరూ వేయని ప్రశ్నలు. అంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "మనుషులు ముట్టని నేల కావాలని మొదటిరోజే చెప్పొద్దాండీ? అది మాకంటే ఎవరికి తెలుస్తాదండీ, మేం నూతులు వెయ్యని చోటే గదా!"

అప్పటికి నా ఉద్యోగానికి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. ఇద్దరం మళ్ళీ కొల్లేరు వెళ్ళాం. ఈసారి నడి చెరువులో, నీళ్ళు ఎండిన చోట దింపాం. కడ్డీ కడ్డీకీ అతను చెబుతుంటే నేను టేపు పెట్టి చూశాను. ఒక్కటీ తప్పలేదు. బియ్యపుగింజ మందాన పొర మీద పొర, తీపినీటి నత్తలు, తుంగవేళ్ళు, నీలంమట్టి. ముప్ఫై ఒకటో అడుగులో గుల్లలు వచ్చాయి. ఆవగింజంతవి, అరచెయ్యంతవి, విరిగినవి, కొన్నిటికి రెండు చిప్పలూ ఇంకా మూసుకునే ఉన్నాయి. అవి అక్కడే పుట్టి అక్కడే చచ్చాయి, ఎవరూ తెచ్చి పోయలేదు. ఇంకో ఆరడుగులు దింపాం. పెంకు లేదు, బొగ్గు లేదు. మదార్ ఆ మట్టి వేళ్ళతో నలిపి, "ఇక్కడ మనుషులెవరూ రాలేదండీ" అన్నాడు. అతని పేరు పెట్టి, అదే మాట బోరు లెక్కల పుస్తకంలో రాశాను. ఆ పుస్తకం ప్రొఫెసరు గారికి పంపించాను. అందులో కొత్త సంగతేమీ లేదు, సముద్రం ఒకప్పుడు ఇక్కడుందని ఆయన ముందే అనుకున్నారు.

కానీ మదార్ మాటకు పోయిన విలువ తిరిగి రాలేదు. వెంకట్రాజు గారి కొట్లో పదిమంది ముందు, నేను అబద్ధం రాశానని చెప్పాను. ఆయన నన్ను పైనించి కిందకి చూసి, "మొన్న లెక్క రాదన్నారు, ఇవాళ వచ్చంటున్నారు. మీ మాటల్లో ఏది నమ్మమంటారండీ?" అన్నారు. నా మాటకు ఇప్పుడు విలువ లేదు, అతని మాటను నా మాటతో నిలబెట్టలేను.

ఉంగుటూరులో విశ్వాసం గారని ఒక రైతు ఉన్నారు. మదార్ చేత మూడు నూతులు వేయించడానికి ఆయనొక్కరే ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. మదార్ ముందే అడుగులు చెప్పాలి, తప్పితే గొట్టాలు మోసుకుని వెళ్ళిపోవాలి. మదార్ పొలమంతా నడిచి, ఒకచోట ఆగి, ఇరవై రెండు అన్నాడు. నేను కూడా వస్తానంటే వద్దనలేదు, రమ్మనీ అనలేదు. మూడు రోజులుగా కడ్డీలు మోస్తున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అత్తయ్యకు చెప్పకండి. ఊరివాళ్ళ ఎదురుగా కడ్డీ కడ్డీకీ టేపు పెట్టి, అందరికీ వినబడేలా చదివాను. ఇరవై వచ్చింది, పొడి. ఇరవై ఒకటి, పొడి. జనంలో ఎవరో నవ్వారు. మదార్ తలెత్తలేదు. నేను తర్వాతి కడ్డీ ఎత్తి అందించాను. ఇరవై రెండుకి రెండు వేళ్ళు ఇవతల కడ్డీ జారింది, గొట్టంలో నీళ్ళు లేచాయి. విశ్వాసం గారు దోసిలి పట్టి తాగి, "తీపి" అన్నారు. మిగిలిన రెండు నూతులూ మదార్‌నే వెయ్యమన్నారు.

నీళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక ముసలావిడ నా బొబ్బలూ బురదా నా జంధ్యమూ చూసి ఆశ్చర్యపోయి, "ఈ పంతులుగారెవరు సాయిబూ?" అని అడిగింది. మదార్ కడ్డీ తుడుస్తూనే, "కొత్తగా చేరారండీ. లెక్క నేర్చుకుంటన్నారు" అన్నాడు.

ఆవిడ నావైపు తిరిగింది. అవునండీ అన్నాను.

మీ మేనల్లుడు,
కామేశం